బోణీ రేకు

నెయ్యి అమ్ముకునే ఇంట్లో నెయ్యి లేని పప్పన్నం తినాల్సి రావడం కంటే విడ్డూరం ఇంకోటి ఉంటుందా? హైమ పుట్టి పెరిగిన ఇల్లు అలాంటిదే. వీధి గదిలో పూతరేకుల దుకాణం. రోజూ అక్కడ బిందెడు నెయ్యి కాగేది. ఆ వాసనకి కాలవ గట్టు మీద పోయే సైకిళ్ళు కూడా కాసేపు ఆగేవి. గడప దాటి లోపలికొస్తే మాత్రం వంటింట్లో నేతి గిన్నె అన్నదే కనపడదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, వీధి గదిలో నెయ్యి పప్పులోకి పనికిరాకపోవడం ఆ ఇంట్లోనే చూడాలి.

కారణం హైమ తల్లి సత్యవేణి. వంటిల్లు ఆవిడ చేతిలో ఉంది. కాపరానికొచ్చిన కొత్తలోనే ఆవిడ నెయ్యి మానేసింది. అడిగితే మొక్కు అనేది. మొక్కున్న మనిషి వండే వంటలో కూడా నెయ్యి పడకూడదు అనేది. చుట్టాలు పండగపూట వచ్చి, ఎండు పప్పన్నం తిని, వీధిలోకి వెళ్ళాక కడుపారా నవ్వుకునేవారు. మొక్కు సంగతి ఎవరూ నమ్మలేదు. సత్యవేణికి నెయ్యి పడదు, పైకి చెప్పలేక ఆ వంక పెట్టిందని ఊరు ఊరంతా తేల్చేసింది.

హైమ కూడా అదే నమ్మింది. నమ్మడానికి ఆమెకి తన కారణాలున్నాయి. పదిహేనో ఏటి నుంచి అన్నం తినగానే కుడి డొక్కలో నొప్పి, వెంటనే వాంతులు. ఎన్ని స్కానింగులు తీయించినా రాళ్ళు కనపడలేదు. రాయి లేకపోతే రోగం లేదన్నారు. గ్యాసన్నారు, పరీక్షల భయమన్నారు, ఒక డాక్టరుగారైతే పెళ్ళి చేసెయ్యండి, అదే పోతుందన్నారు. చివరికి ఒక ముసలి సర్జను ఆమె మాట నమ్మి, పిత్తాశయం తీసేస్తే గానీ ఆ నరకం తీరలేదు. రాయి లేకుండానే పిత్తాశయం పాడవుతుందనీ, కొవ్వు పదార్థం తిన్నప్పుడు పిండుకోవాల్సిన ఆ చిన్న సంచి పిండుకోలేక బిగుసుకుపోతుందనీ, కొన్ని కుటుంబాల్లో అది తరం నుంచి తరానికి దిగుతుందనీ చెప్పింది ఆయనే.

ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే హైమ తల్లిని మొహం మీద అడిగేసింది. "నీ దగ్గర్నుంచే వచ్చిందమ్మా నాకిది. నీకు తెలుసు. తెలిసీ చెప్పలేదు."

సత్యవేణి బదులు చెప్పలేదు. మజ్జిగ గ్లాసు మంచం పక్కన పెట్టి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఇద్దరూ మాట్లాడుకోకుండా ఏమీ ఉండలేదు, అన్నీ మాట్లాడుకున్నారు. ఆ ఒక్క మాట మాత్రం గ్లాసు పెట్టిన చోటే ఉండిపోయింది.

*

కాకినాడలో హైమ ప్రయోగశాల అంటే ఒక కాలేజీ వెనక రెండు గదులు, రఫీ అనే ఒక ఇంజనీరు. రాయి లేని నొప్పిని ఇంకెవరూ నాటకం అనకూడదన్న పంతంతో వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి కూర్చుని తయారు చేసిన పరికరం పేరు ఆలకి. అప్పడం అంత ఉంటుంది. డొక్క మీద అంటిస్తే, లోపల పిత్తాశయం పిండుకునే సవ్వడిని ఆలకిస్తుంది.

అది మొదటిసారి పనిచేసిన రోజు రఫీ దాన్ని తన డొక్క మీదే అంటించుకుని, క్యాంటీన్ గారెలు రెండు లాగించాడు. కాసేపటికి స్పీకర్లోంచి, లాకు తలుపు ఎత్తితే కాలవ నీళ్ళు జారినట్టు సన్నటి చప్పుడు వచ్చింది. తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా లేచి, కాసేపు నిలబడి, మెల్లగా దిగింది.

"నా పొట్టలో ఇంత సంగీతం ఉందని మా ఆవిడకి తెలీదు మేడమ్" అన్నాడు రఫీ, మూడో గారె అందుకుంటూ.

జబ్బున్నవాళ్ళది అలా ఉండదు. గీత లేవబోయి తడబడుతుంది, ఆగుతుంది, మళ్ళీ లేవబోతుంది. స్కానింగులో కనపడనిది స్పీకర్లో వినపడేది. ఆ చప్పుడు విని రోగుల్లో చాలామంది ఏడ్చేసేవారు. నొప్పికి కాదు, పక్కన కూర్చున్న మొగుడో అత్తగారో కూడా దాన్ని విన్నందుకు.

ఆ తరవాతి అడుగు రఫీకి తట్టింది. వినే పరికరం చెప్పడం కూడా నేర్చుకుంటే? ఆరోగ్యంగా ఉన్న పిత్తాశయం నడకని పట్టుకుని, దాన్నే సన్నటి తాకిడిగా, భోజనాల వేళ, జబ్బు చేసినదానికి అందిస్తే? పక్కన నడిచే మనిషి అడుగుని మనకి తెలీకుండానే అందుకున్నట్టు, అదీ నడక నేర్చుకోవచ్చు కదా! నిజంగానే నేర్చుకుంది. అయితే పరాయివాళ్ళ నడక ఎవరికీ అంటలేదు, రక్తసంబంధం ఉన్నవాళ్ళదే అంటింది. ప్రతి వంశానికీ ఓ నడక ఉందనీ, జబ్బు దిగిన వంశంలోనే జబ్బు లేని ఒక్క మనిషి దొరికితే చాలనీ తేలింది. అన్ని అనుమతులూ తీసుకుని చేసిన మొదటి నాలుగు కుటుంబాల్లో నలుగురికీ కత్తి పడకుండానే గడిచిపోయింది.

హైమ సంతోషించడానికి కూడా తీరిక లేకపోయింది. సరిగ్గా అప్పుడే ఇంట్లో కూతురు తన్వి కంచం ముందు నుంచి లేచిపోవడం మొదలుపెట్టింది.

తన్వికి పదిహేడేళ్ళు. తండ్రి ఓడ మీద ఇంజనీరు, ఏడాదిలో సగం సముద్రమే. ఆకలి లేదమ్మా అనేది, కాలేజీలో తిన్నానమ్మా అనేది. ఆ అబద్ధాలన్నీ హైమ తన కాలంలో ఆడేసినవే. ఒక ఆదివారం మధ్యాహ్నం కూతుర్ని పడుకోబెట్టి ఆలకి అంటించి, చెంచాడు వెన్న తినిపించింది. గీత లేవబోయి తడబడింది.

"అంటే నేను వేషాలెయ్యట్లేదు కదమ్మా?" అంది తన్వి.

"లేదు తల్లీ" అంది హైమ. ఆ మాట తనకి ఆ వయసులో ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనుకుని, పిల్లని దగ్గరికి తీసుకుంది. పక్కటెముకలు చేతికి తగిలాయి.

కాకినాడ సర్జను తన్విని చూసి, పిత్తాశయం తీసేయడమే మేలన్నాడు. ఆలకి నేర్పే నడక పాఠాలతో కుదురుతుందేమో చూస్తానని హైమ బతిమాలింది. "నెలాఖరు దాకా ఆగుతానండి. పిల్ల ఇంకా చిక్కితే మాత్రం మీ మాట వినను" అన్నాడాయన. న్యాయమైన మాటే.

*

ఇంతకీ నడక ఎవరి దగ్గర తీసుకోవాలి? హైమ పిత్తాశయం ఎప్పుడో పోయింది. ఆమె తండ్రి ఇప్పుడు లేడు. తల్లికి నెయ్యి పడదు. మిగిలింది మేనత్త అచ్చియ్యమ్మ.

అచ్చియ్యమ్మ పేరు చెబితే చాలు, ఆ చుట్టుపక్కల నోళ్ళలో నీళ్ళూరతాయి. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికొచ్చి దుకాణాన్ని నెత్తిన వేసుకున్న మనిషి. అమ్మేవాళ్ళు తినంది అమ్మకూడదని వాళ్ళమ్మ పెట్టిన కట్టుబాటు. అందుకని రోజూ పొద్దున్నే మొదటి బేరం ముందు, నెయ్యి ఓడుతున్న ఓ పూతరేకుని బోణీ రేకు అని పేరు పెట్టి, బేరగాడి ఎదురుగా ఆవిడ తినేది. తిన్నాకే అమ్మకం. తిన్న వెంటనే లేచి వెళ్ళి రేకులు తీసే కుండ ముందు కూర్చునేది. అరవై దాటినా ఆ అలవాటు మారలేదు. రోజూ నేతి రేకుతో రోజు మొదలుపెట్టే మనిషికి జబ్బేమిటి?

అచ్చియ్యమ్మ కాకినాడ వచ్చింది, తోడుగా సత్యవేణి వచ్చింది. డొక్క మీద ఆలకి అంటిస్తుంటే అచ్చియ్యమ్మ గట్టిగా కళ్ళు మూసుకుంది.

"ఇది లోపలున్నదంతా చెప్పేస్తాదేటే?" అని అడిగింది.

"అంతా చెప్పేస్తుందత్తా. నువ్వు దొంగతనంగా తిన్నవి కూడా" అంది హైమ నవ్వుతూ.

అచ్చియ్యమ్మ నవ్వలేదు. వెంట తెచ్చుకున్న రేకు తినేసి, ఉరిశిక్ష వినబోయేదానిలా తెర వైపు చూస్తూ కూర్చుంది.

సత్యవేణి గుమ్మం దగ్గర నిలబడి, కొంగు వేలికి చుట్టుకుంటూ, "హైమా, పోనీ నా దగ్గర తీసుకోకూడదా?" అంది.

"నువ్వు నెయ్యి చుక్క ముట్టవు, నీ దగ్గర ఏం తీసుకుంటానమ్మా? ఉన్న జబ్బు చాలదా పిల్లకి?" అనేసింది హైమ. సత్యవేణి వదినగారి మొహం వైపు ఒకసారి చూసి ఊరుకుంది.

గీత లేచింది. మధ్యలో చిన్నగా ఆగి, మళ్ళీ లేచి, దిగింది. రఫీ కనుబొమలు ముడిచాడు. "మధ్యలో ఆ కుంటుడేంటి మేడమ్?"

"మా వంశం నడక అదేనేమో. పోల్చి చూడ్డానికి జబ్బు లేనివాళ్ళు మా ఇంట్లో ఇంకెవరున్నారు?" అంది హైమ. పదేళ్ళుగా మనుషుల కడుపులు వింటున్న మనిషి ఆ మాట ఎలా అందో! సొంత ఇంటి సంగతి దగ్గరికొచ్చేసరికి తెలివైనవాళ్ళకీ ఊరి మాటే వేదం.

"ఏం లేదా నాకు?" అంది అచ్చియ్యమ్మ.

"నీకేం అత్తా, నిక్షేపంలా ఉన్నావు."

అచ్చియ్యమ్మ కొంగు సర్దుకుని లేచింది. ఆవిడ మొహంలో కనపడింది సంతోషం కాదని అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

*

పాఠాలు మొదలయ్యాయి. తన్వి భోజనం ముందు ఆలకి అంటించుకునేది, అది అచ్చియ్యమ్మ నడకని లోపలికి అందించేది. మొదటి వారం ఏమీ తెలీలేదు. రెండో వారానికి పిల్ల మరీ నీరసించింది. ఇదివరకు సగం కంచం తినేది, ఇప్పుడు నాలుగు ముద్దలు. గాలి మార్పుకైనా ఉంటుందని హైమ కూతుర్ని తీసుకుని ఊరెళ్ళింది. మనసులో మాత్రం నెలాఖరు తరుముతూనే ఉంది.

మర్నాడు పొద్దున్న బోణీ అయిపోయాక అచ్చియ్యమ్మ కుండ ముందు కూర్చుంది. బోర్లించిన పెద్ద కుండ, కింద కొబ్బరి మట్టల మంట. బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగితే కాగితం కంటే పలచటి రేకు ఊడివస్తుంది. తన్వి ఆ పక్కనే పీట మీద కూర్చుని చూస్తోంది. హైమ అరుగు మీద నుంచి కూతుర్ని కనిపెడుతోంది.

"ఇంకా నొప్పేనేటమ్మా?" అంది అచ్చియ్యమ్మ.

"నొప్పే మామ్మా. కానీ ఇది నా నొప్పిలా లేదు" అంది తన్వి. "ఇదివరకు తినగానే డొక్కలో వచ్చేది. ఇప్పుడు తిన్నాక కాసేపు ఏమీ ఉండదు. తరవాత వెనక రెక్క కింద ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు మొదలవుతుంది. నోట్లో రాగి చెంబు నాకినట్టు నీళ్ళూరతాయి. అప్పుడేమనిపిస్తుందో తెలుసా? ముందుకి వంగి, దేన్నైనా వేడిదాన్ని పొట్టకి ఆనించుకుంటే తగ్గుతుందనిపిస్తుంది. ఇదిగో, ఈ కుండని వాటేసుకోవాలనుంది నాకు."

అచ్చియ్యమ్మ చేతిలో గుడ్డ సగంలో ఆగిపోయింది. కుండ మీద సగం రేకు మాడి నల్లబడింది. ఆ దుకాణంలో అచ్చియ్యమ్మ చేతి కింద రేకు మాడటం ఎవరూ ఎరగరు.

"హైమా!" అని కేకేసింది. హైమ పరుగెత్తుకొచ్చింది.

"ఆ మిషను తీసెయ్యవే. ముందు తీసెయ్. అది నా నొప్పే. రెక్క కింద బొటనవేలూ నాదే, రాగి చెంబూ నాదే. రోజూ బోణీ రేకు తిని ఈ కుండ ముందు ఎందుకు కూర్చుంటాననుకున్నారే? పని మీద ప్రేమా? ఈ సెగ తగిలితే గానీ ప్రాణం కుదుటపడదు నాకు. నా పాపిష్టి నొప్పి ఆ పసిదాని కడుపులోకి ఎలా పోయిందే తల్లీ?"

తన్వి డొక్క మీది ఆలకిని హైమ ఊడదీసింది. కోపం వచ్చింది, దాచుకోవడమెందుకు. "మరి ఆ రోజు చెప్పలేదేం అత్తా? పిల్ల ప్రాణాలతో ఆడుకుంటావా?"

"అది చెప్పేస్తాదన్నావు కదే!" అంది అచ్చియ్యమ్మ. "లోపలున్నదంతా చెప్పేస్తాదన్నావు. పోన్లే, ఇన్నాళ్ళకి నా బండారం బయటపడిపోతుంది, పీడా వదిలిపోతుందనుకుని కూర్చున్నా. నువ్వేమో నిక్షేపంలా ఉన్నావన్నావు. మిషనే అలా చెప్పాక ఇంకేటి? నాకు జబ్బే లేదు కాబోలు, ఇన్నేళ్ళూ ఉత్తినే ఊహించుకున్నాను కాబోలు అనుకున్నా. నెయ్యి పడదంటే మా అమ్మ ఏమందో తెలుసా? నేతి కొట్టు పిల్లకి నెయ్యి పడదంటే కొట్టుకి తాళం పెట్టుకోవాలి, నోరు మూసుకో అంది. మూసుకున్నా."

హైమ పక్కనే కూలబడింది. తనకి రోగం లేదన్న డాక్టర్ల మీద కసితో తయారుచేసిన పరికరంతో, తనే ఒక రోగిష్టి మనిషికి రోగం లేదని చెప్పి పంపించింది. వంశం నడక అనుకున్నది వంశం కుంటు. దాన్నే కూతురికి శ్రద్ధగా నేర్పించింది.

"అయితే మా ఇంట్లో జబ్బు లేనివాళ్ళు ఎవరూ లేనట్టే" అంది నీరసంగా. ఇక ఆపరేషనే.

"లేకపోవడమేటి? మీ అమ్మ లేదా?" అంది అచ్చియ్యమ్మ.

"అమ్మకి నెయ్యి పడదు కదత్తా."

"ఎవరే అన్నది పడదని? ఊరంది, నువ్వన్నావు. అదెప్పుడైనా అందా?" అచ్చియ్యమ్మ కుండ కింద మండుతున్న మట్టని పక్కకి లాగింది. "కాపరానికొచ్చిన కొత్తలో, పశువుల పాకలో నేను ముడుచుకుపోయి పడుంటే చూసింది. ఎవరితోనూ చెప్పకే అని చేతులు పట్టుకున్నా. చెప్పలేదు. తెల్లారేసరికి నెయ్యి మొక్కుకున్నానని కూర్చుంది. వంట దానిది కదా, ఇంటిల్లిపాదికీ నెయ్యి ఆగిపోయింది. పొద్దున్న బోణీ ఒక్కటే నేను భరించాలి, ఇంట్లో రెండు పూటలూ ప్రాణానికి సుఖం. అప్పటి దాకా మూడు పూటలా నెయ్యే. నా కోసం మానేసింది పిచ్చిది. రోగిష్టిదని ఊరనిపించుకుంది. చివరికి నీ చేత కూడా అనిపించుకుంది."

సత్యవేణి అప్పుడే పెరట్లోంచి ములక్కాడలు కోసుకుని వస్తోంది. అందరి మొహాలూ చూసి విషయం గ్రహించింది. "ఇప్పుడెందుకొదినా అవన్నీ" అంది, ములక్కాడలు కింద పెడుతూ.

హైమ లేచి తల్లి ఎదురుగా నిలబడింది. ఎన్నో ఏళ్ళ కిందటి ఆ మజ్జిగ గ్లాసు కళ్ళ ముందు కనపడింది. "అమ్మా, నేను నిన్ను అంత మాటన్నాను. ఆ రోజైనా చెప్పలేకపోయావా?"

"మాటిచ్చాను కదే వదినకి" అంది సత్యవేణి. ఆవిడకి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేకపోయింది.

హైమకి అప్పుడు ఇంకో సంగతి తట్టింది. తల్లిది మేనరికం. అచ్చియ్యమ్మని కన్న నాయనమ్మకి సత్యవేణి సొంత మేనకోడలు. జబ్బు దిగిన ఆ రక్తమే, జబ్బు లేకుండా, ఇన్నేళ్ళుగా తన కంచంలో పప్పన్నం కలిపి పెడుతోంది!

*

అందరూ కాకినాడ వచ్చి సత్యవేణికి ఆలకి అంటించబోతే, మొక్కు తీర్చకుండా ఆవిడ నెయ్యి తినడమెలా అని రఫీకే బెంగ పట్టుకుంది. "అమ్మగారూ, ఏ దేవుడికి మొక్కారో చెబితే, ముందు అక్కడికెళ్ళి చెల్లించేసి వద్దాం" అన్నాడు పాపం.

"ఏ దేవుడి పేరూ చెప్పలేదు బాబూ" అంది సత్యవేణి. "ఎవరైనా అడిగితే అప్పుడు ఆలోచించి చెబుదామనుకున్నా. ఎవరూ అడగలేదు."

రఫీ పడీపడీ నవ్వాడు. హైమ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. ఎవరూ అడగలేదన్న ఆ మాట ఆవిడ ఎంత మామూలుగా అందో, హైమకి అంత గట్టిగా తగిలింది.

పూతరేకు అచ్చియ్యమ్మే స్వయంగా చుట్టి తెచ్చింది. నెయ్యి కాస్త ఎక్కువే పోసింది. సత్యవేణి దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ప్రసాదంలా కళ్ళకద్దుకుని కొరికింది. నమిలింది. తల వంచుకుని ఇంకాస్త కొరికింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏంటమ్మా, నొప్పా?" అంది హైమ కంగారుగా.

"నొప్పేంటే! ఇంత బాగుంటుందని మర్చిపోయాను" అంది సత్యవేణి.

తెర మీద గీత కదల్లేదు. రఫీ స్పీకరు సవరించాడు. అచ్చియ్యమ్మ మరదలి చెయ్యి పట్టుకుని నోట్లో ఏదో గొణుక్కుంటోంది. ఇన్నేళ్ళ తరవాత నెయ్యి తగిలేసరికి లోపల ఆశ్చర్యపోతోందేమో అని రఫీ అనబోతుండగా, లాకు తలుపు ఎత్తినట్టు సన్నటి సవ్వడి మొదలైంది. గీత లేచింది. ఎక్కడా తడబడలేదు, ఎక్కడా ఆగలేదు. నిండుగా లేచి, నిలబడి, తొందర లేకుండా దిగింది.

"అదండీ మీ వంశం నడక" అన్నాడు రఫీ మెల్లగా.

తన్వి ఈసారి పాఠాలకి భయపడింది. ఒకసారి మోసపోయిన కడుపు కదా. సత్యవేణి మనవరాలి పక్కనే కూర్చుని, తన కంచంలోంచి ఓ ముద్ద, పిల్ల కంచంలోంచి ఓ ముద్ద తింటూ అన్నం తినిపించింది. మొదట్లో పెద్దగా మార్పు లేదు. నెలాఖరు వచ్చింది. సర్జను ఆలకి చప్పుడు విని, తూకం మిషను మీద పిల్ల బరువు చూసి, ఇంకో పదిహేను రోజులు ఇస్తానన్నాడు. ఆ గడువు తీరకముందే ఒక మధ్యాహ్నం తన్వి ఫోనులో ఏదో చూసుకుంటూ, పరధ్యానంగా, "అమ్మమ్మా, ఇంకొంచెం పప్పు వెయ్యవా?" అంది. తను అడిగిన సంగతి తనకే తెలీదు. హైమా, సత్యవేణీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సత్యవేణి గరిటెడు పప్పు వేసి ఏమీ ఎరగనట్టు ఊరుకుంది. హైమ మాత్రం వంటింట్లోకెళ్ళి కొళాయి తిప్పుకుని, ఎవరికీ వినపడకుండా తనివితీరా ఏడ్చింది.

అచ్చియ్యమ్మ పిత్తాశయానికి కూడా పాఠాలు చెప్పి చూశారు. అది వినలేదు. ముదిరిన కొమ్మ వంగదంటారు కదా. సర్జను దాన్ని తీసేశాడు. మత్తు దిగగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "డాక్టరుగారండీ, నిజంగానే పాడైందాండి? నేను ఉత్తినే అనలేదు కదండి?"

"పూర్తిగా పాడైందమ్మా. రాళ్ళు ఒక్కటీ లేవు, కానీ గోడ అంతా గట్టిపడిపోయింది. ఇన్నాళ్ళు ఎలా భరించారో నాకు తెలియట్లేదు" అన్నాడాయన.

అచ్చియ్యమ్మ ఆయనకి పడుకునే దణ్ణం పెట్టింది. తరవాత పక్కనున్న మరదలి వైపు తిరిగి, "విన్నావా?" అంది. సత్యవేణి విన్నానని తలూపింది. ఆవిడకి వినాల్సిన అవసరం లేదు, ముందు నుంచీ నమ్మింది ఆవిడొక్కతే.

*

అచ్చియ్యమ్మ మళ్ళీ దుకాణంలో కూర్చున్న మొదటి రోజు హైమా తన్వీ ఊళ్ళోనే ఉన్నారు. రావులపాలెం నుంచి ఎప్పుడూ వచ్చే బేరగాడు పొద్దున్నే వచ్చి నిలబడ్డాడు. పది పెట్టెలు కావాలన్నాడు. బోణీ కోసం అచ్చియ్యమ్మ చేతి వైపు చూశాడు. అచ్చియ్యమ్మ ఓ రేకు తీసింది, నెయ్యి పోసింది, పంచదార చల్లి చుట్టింది. చుట్టి, చేత్తో పట్టుకుని లేచి నిలబడింది.

"నాకు నెయ్యి పడదండి" అంది పెద్ద గొంతుతో. వీధిలోకి కూడా వినపడింది. "ఎప్పుడూ పడలేదండి. కొట్టు మూతపడతాదేమోనని దాచుకున్నానండి."

సత్యవేణి గుమ్మంలో బొమ్మలా నిలబడిపోయింది. బేరగాడు తల గోక్కున్నాడు. "ఆయ్, అదేంటండీ! మా ఆవిడకీ పడదండి. మేం కొనేది రేకులు బాగుంటాయనండి, మీరు తింటున్నారని కాదు. పెట్టెలు కట్టించండి, బస్సెల్లిపోద్ది."

అంతే. ఇంతమాత్రం దానికి భయపడి అచ్చియ్యమ్మ జీవితమంతా కుండ సెగన కూర్చుంది. కొట్టుకి తాళం పడలేదు. బేరగాడికి బస్సు తొందర తప్ప ఇంకో బాధ లేదు. హైమకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"అయినా కట్టుబాటు కట్టుబాటేనండి. తినంది అమ్మకూడదు" అని అచ్చియ్యమ్మ గుమ్మం దగ్గరికి వచ్చి, రేకుని మరదలి చేతిలో పెట్టింది. "ఇక నుంచి బోణీ దీనిది."

సత్యవేణి అందరి ముందూ తినడానికి సిగ్గుపడింది. తన్వి వెనకనుంచి "తిను అమ్మమ్మా" అని తోసింది. ఆవిడ కొరికింది, నిదానంగా నమిలింది. బేరగాడు కూడా బస్సు సంగతి మర్చిపోయి, "ఎలా ఉందండమ్మా?" అన్నాడు.

"నెయ్యి బాగుందండి" అంది సత్యవేణి. కాస్త తటపటాయించి, వదినగారి వైపు భయం భయంగా చూసి, "పంచదారే కొంచెం ఎక్కువైంది" అంది.

"ఇన్నేళ్ళూ ఎవరైనా చెప్పారటే నాకు!" అంది అచ్చియ్యమ్మ. రుచి తెలియకుండా మింగిన మనిషికి తీపి ఎంతుందో ఎలా తెలుస్తుంది? దుకాణమంతా నవ్వులతో నిండిపోయింది, అందరికంటే గట్టిగా నవ్వింది అచ్చియ్యమ్మే.

ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో పప్పన్నంలోకి నెయ్యి వడ్డించారు. వడ్డించింది అచ్చియ్యమ్మ. తన కంచంలో మజ్జిగే పోసుకుంది గానీ, నేతి గిన్నె మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. మొదటి గరిటె మరదలి కంచంలో పోసింది. చాలొదినా అంటే వినలేదు, చెయ్యి అడ్డం పెట్టినా వినలేదు, రెండో గరిటె కూడా పోసింది. హైమ అన్నం కలుపుతూ, నెయ్యన్నం లాగిస్తున్న తన్వినీ, తల్లినీ చూసి, "అమ్మా, నీ దగ్గర్నుంచే వచ్చింది మాకిది" అంది. సత్యవేణి ఈసారి కూడా బదులు చెప్పలేదు. నోటి నిండా నేతి ముద్ద ఉంది.